కట్టెను నరికారు

కాపెల్, టెక్సస్
జనవరి

ప్రసూనక్కకి,

నమస్కారం. నువ్వు చెప్పినట్టే మొదటి అధ్యాయం ప్రింటు తీసి ఇందులో పెట్టాను. ఇంత ఇంటర్నెట్ పెట్టుకుని పోస్టులో పంపడమేమిటని నీ మరదలు వసుమతి నవ్వుతోంది. కళ్ళ ఆపరేషన్ అయ్యాక అక్కకి స్క్రీన్ పడటం లేదని చెప్పాను. అసలు కారణం నీ ఎర్రసిరా కలమని మనిద్దరికీ తెలుసు. నీ ఆదివారం తెలుగు బడి పిల్లలకి చదివి వినిపించే పుస్తకం కాబట్టి తేలిగ్గా రాయమన్నావు. నా ప్రయత్నం నేను చేశాను.

ఫ్రెడరిక్ ఎవరో నీకు కొత్త కాబట్టి రెండు ముక్కలు చెబుతాను. ఇప్పటి జర్మనీలో ఒకప్పుడు ప్రష్యా అని ఓ రాజ్యం ఉండేది. మూడు వందల ఏళ్ళ కిందట అక్కడ పుట్టి, ఆ చిన్న రాజ్యాన్ని చూసి యూరప్ అంతా భయపడేలా చేసిన రాజితడు. ఒకపక్క యుద్ధాలు, ఇంకోపక్క సంగీతం, పుస్తకాలు, తత్వవేత్తలతో వాదాలు. ఆఫీసు పని మీద బెర్లిన్ వెళ్ళినప్పుడు పక్కనే ఉన్న పోట్స్‌డామ్‌లో అతని సమాధి చూశాను. జనం పువ్వులతో పాటు బంగాళాదుంపలు కూడా పెట్టి పోతున్నారు. ఆకలికి తట్టుకుంటారని దుంపలు పండించమని ఆజ్ఞలిచ్చిన రాజట. అప్పుడు పట్టుకుంది నాకీ పిచ్చి.

ఈ అధ్యాయమంతా తండ్రీకొడుకుల గొడవ. తండ్రికి సైన్యం తప్ప మరోటి అక్కర్లేదు. కొడుకేమో చాటుగా ఫ్లూట్ వాయించుకుంటాడు, పుస్తకాలు దాచుకుని చదువుతాడు. తండ్రి నలుగురి ముందూ బెత్తంతో కొట్టేవారు. అందరూ ఆయన్ని రాక్షసుడని రాశారు. నేను రాయలేదు. రాజ్యం ఏలాల్సిన పిల్లాడు పిల్లనగ్రోవి పట్టుకు కూర్చుంటే ఏ తండ్రి మాత్రం చూస్తూ ఊరుకుంటాడు?

మా ఇంట్లోనూ ఇదే భాగోతం నడుస్తోంది. మావాడు అక్షయ్ ఆస్టిన్‌లో కంప్యూటర్ సైన్స్ మానేసి, పోర్ట్‌లాండ్ వెళ్ళి దోశల ఫుడ్ ట్రక్ పెడతాడట. ఈ బుద్ధి పుట్టించింది వాడి రూమ్మేట్ తేజేశ్వర్. హనుమకొండ కుర్రాడు, ఎంఎస్ చేయడానికి వచ్చాడు. క్రిస్మస్ సెలవుల్లో ఇద్దరూ ఇంటికొస్తే ఆ కుర్రాడు మా వంటింట్లో దోశలు పోశాడు. ఎందుకు దాచడం, బాగున్నాయి. ఎక్కడ నేర్చుకున్నావని నేను మంచిగా మాట కలిపితే, కాలేజీ బయట ఓ హోటల్లో వంట పని చేస్తున్నానని చెప్పేశాడు. స్టూడెంట్ వీసా మీద అలా పని చేయకూడదు, తెలుసుగా. ఎవరికీ చెప్పొద్దంకుల్ అన్నాడు. నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

నీ తమ్ముడు,
భాస్కర్


ఎడిసన్, న్యూజెర్సీ
ఫిబ్రవరి

చి. భాస్కర్‌కి,

ఆశీస్సులు. నీ అధ్యాయం అందింది. ఎర్రసిరా కాస్త ఎక్కువే ఒలికింది, మొహం మాడ్చుకోకు. ‘యువరాజు సంగీత రంగమందు ఆసక్తి కనబరిచెను’ ఏమిట్రా? ఫ్లూట్ అంటే ప్రాణం అని రాస్తే పిల్లలకి అర్థం కాదా? ఆఫీసులో ప్రాజెక్టు రిపోర్టులు రాసీ రాసీ నీ తెలుగు కూడా టై కట్టుకుని కూర్చుంది.

బడిలో మాత్రం రాజుగారికి మంచి గిరాకీ ఉంది. హంసిక అని తొమ్మిదేళ్ళ పిల్ల, రాజుకి కుక్క ఉందా అని అడిగింది. బోలెడున్నాయని నువ్వు ఫోన్లో చెప్పావు కదా, అదే చెప్పాను. అప్పటినుంచి ఆ పిల్లకి తండ్రీకొడుకుల గొడవ పట్టడం లేదు, కుక్కలెప్పుడొస్తాయని చూస్తోంది.

అక్షయ్ సంగతి చదివి మీ బావా నేనూ చాలాసేపు మాట్లాడుకున్నాం. దోశలు పోసుకోవడం తప్పు కాదు, ముందు డిగ్రీ చేతికి రానీ అంటాను నేను. వయసులో పెద్దవాడు పక్కన చేరి ఎక్కిస్తుంటే పిల్లాడు ఏం చేస్తాడు. ఆ సావాసం వదిలిస్తే వీడే దారిలో పడతాడు. ఎలా వదిలిస్తావో నాకు తెలియదు, నువ్వే చూసుకో. తండ్రివి కదా.

అక్క


కాపెల్
ఏప్రిల్

అక్కకి,

కొత్త అధ్యాయం చూడు, నువ్వే మెచ్చుకుంటావు. ఫ్రెడరిక్ గద్దెనెక్కాడు. రాజనేవాడు మోసం చేయకూడదు, అత్యాశతో యుద్ధాలు చేయకూడదని అప్పుడే ఓ పుస్తకం అచ్చు వేయించాడు. ఆ ఏడాది తిరక్కుండానే పక్కనున్న సైలీషియా మీదికి సైన్యాన్ని నడిపించాడు. మొదటి పెద్ద యుద్ధంలో ఓడిపోయామనుకుని గుర్రమెక్కి పారిపోయాడు కూడా. తీరా చూస్తే వెనక అతని సేనాని యుద్ధం గెలిచి కూర్చున్నాడు. గెలిచిన యుద్ధంలోంచి పారిపోయిన రాజు. ఆ సిగ్గు పడ్డాక మళ్ళీ ఎప్పుడూ సైన్యాన్ని వదిలి పోలేదట. మనిషన్నాక మాట ఒకటి, పని ఒకటి అవుతూనే ఉంటాయి. రాజ్యం నడపడమంటే మాటలా?

అన్నట్టు ఆ కుర్రాడి బాధ వదిలింది. హోటల్లో పని చేస్తున్నాడని ఎవరో యూనివర్సిటీకి ఈమెయిల్ పెట్టారట. వీసా స్టేటస్ పోయింది, ఇండియా వెళ్ళిపోక తప్పలేదు. పాపం ఇక్కడ ఎవరున్నారు వాడికి? నేనే ఆస్టిన్ వెళ్ళి, కార్లో తీసుకొచ్చి డాలస్ ఎయిర్‌పోర్టులో దింపాను. దారిలో తినడానికి వసుమతి పులిహోర కట్టిచ్చింది. అక్షయ్ రానన్నాడు గానీ నేనే పట్టుబట్టి ఎక్కించాను. రూల్స్ తప్పితే ఏమవుతుందో కళ్ళారా చూస్తే మంచిదే కదా.

ఫుడ్ ట్రక్ మాట మళ్ళీ వినపడలేదు. వేసవికి ఇంటర్న్‌షిప్ కూడా వచ్చింది.

భాస్కర్


ఎడిసన్
మే

చి. భాస్కర్‌కి,

ఆశీస్సులు. ఆ కుర్రాడు వెళ్ళిపోయాడంటే పీడ విరగడైందనే అనుకున్నాను. మీ బావ మాత్రం పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నారు.

సైలీషియా బాగుంది. కానీ పోయిన అధ్యాయంలో తండ్రి చేతిలో దెబ్బలు తిన్న కుర్రాడు ఈ అధ్యాయం మొదట్లోనే రాజైపోయాడు. మధ్యలో ఏమైంది? అనుమానమొచ్చి లైబ్రరీలో ఓ పిల్లల పుస్తకం తిరగేశాను. అందులో యువరాజుకి ప్రాణస్నేహితుడు ఒకడున్నాడు. ఇద్దరూ కలిసి పారిపోదామనుకున్నారు. ఆ పుస్తకం నిండా అతని బొమ్మలే ఉన్నాయి. అంత సంగతి నువ్వు మర్చిపోయి ఉండవు. ఆ అధ్యాయం రాసి పంపు. బడికి సెలవులిచ్చేలోగా చదవాలి.

అక్షయ్ ఎలా ఉన్నాడు? ఫోన్ చేస్తే ఎత్తడం లేదు.

అక్క


కాపెల్
జూన్

అక్కకి,

నువ్వడిగిన అధ్యాయం ఇదిగో. రెండు పేజీలే అయింది. పిల్లలకి అంతకన్నా ఎందుకు? దీనికన్నా ఏడేళ్ళ యుద్ధం అధ్యాయం చూడు, దాని మీద ప్రాణం పెట్టాను. నాలుగు వైపులా శత్రువులు. కూనర్స్‌డోర్ఫ్ దగ్గర సైన్యం మట్టికొట్టుకుపోతే, ఈ నాశనం చూశాక బతకనని మంత్రికి ఉత్తరం రాశాడు. అయినా బతికాడు, నిలబడ్డాడు. పిల్లలు నేర్చుకోవలసింది అది.

స్నేహితుడి పేరు కట్టె. జర్మన్‌లో పలికే తీరు ఇంచుమించు అదే, దిద్దకు.

అక్షయ్ బాగానే ఉన్నాడు. మంచి మార్కులొచ్చాయి. ఏం కావాలన్నా వాళ్ళమ్మతో చెబుతాడు. నేను గదిలోకి వెళితే ఫోన్ చూసుకుంటూ ఉంటాడు. మాట్లాడటం లేదని అనలేను, అడిగినదానికి జవాబు చెబుతాడు.

నీకు ఒక సంగతి రాయలేదు. ఆ రోజు ఎయిర్‌పోర్టులో లోపలికి వెళ్ళబోతూ తేజేశ్వర్ వంగి నా కాళ్ళకి దండం పెట్టాడు. ‘మీరు లేకపోతే నాకిక్కడ ఎవరున్నరంకుల్’ అన్నాడు. అక్షయ్ పక్కనే నిలబడి చూస్తున్నాడు. నాకు చాలా సిగ్గేసింది అక్కా. అందరి మధ్యా నుంచున్న చోట నుంచున్నట్టే కూలిపోతే బాగుండుననిపించింది. ఎందుకని అడక్కు.

భాస్కర్


ఎడిసన్
జూన్

భాస్కర్‌కి,

మొన్న ఆదివారం నీ అధ్యాయం బడిలో చదివాను. దిద్దొద్దన్నావని నువ్వు రాసింది రాసినట్టే చదివాను. ‘తెల్లవారగానే కోటలో కట్టెను నరికారు’ అనగానే పిల్లలు కిసుక్కున నవ్వారు. కట్టె అంటే పుల్ల అని అంతకు ముందు వారమే వాళ్ళకి నేర్పాను. నాకూ నవ్వొచ్చింది, దాచను. అప్పుడు హంసిక చెయ్యెత్తి, “ఆంటీ, కట్టె మనిషా?” అని అడిగింది. మనిషేనమ్మా అని చెప్పి, పుస్తకం మూసేసి, వాళ్ళని ఆడుకోవడానికి పంపేశాను.

ఇంటికొచ్చి మళ్ళీ చదివాను. పేరొక్కటే కాదురా తప్పు. కొట్టిన తండ్రిని ఆయన అన్నావు. కొడుకుని అతడు అన్నావు. ప్రాణం పోయినవాణ్ణి మాత్రం వాడు అన్నావు. ‘వాడు పారిపోవడానికి సాయం చేశాడు. వాణ్ణి పట్టుకున్నారు. వాణ్ణి నరికారు.’ ఇరవై ఆరేళ్ళ సైనికాధికారి అతను. నీకేం చనువని వాడన్నావు? చెరసాలలో పెడితే చాలని సైనిక న్యాయస్థానం చెప్పినా వినకుండా మరణశిక్ష వేయించింది ఆ తండ్రే. పిల్లల పుస్తకంలో కూడా ఉన్న ఆ మాట నీ రెండు పేజీల్లో లేదు. యువరాజుని కిటికీ దగ్గర నిలబెట్టి స్నేహితుడి చావు చూడమన్నారు. దాన్ని నువ్వు ‘యువరాజుకి కళ్ళు తెరిపించడానికి’ అని రాశావు. కిటికీలోంచి అతను క్షమించమని అరిచాడు, కింద నుంచి స్నేహితుడు క్షమించాడు. అదీ రాయలేదు.

నీ ఏప్రిల్ ఉత్తరం తీసి పక్కన పెట్టుకున్నాను. కళ్ళారా చూస్తే మంచిదే కదా అని అందులో రాశావు. ఎవరో ఈమెయిల్ పెట్టారట అని కూడా రాశావు. ఎవర్రా ఆ ఎవరో?

అడగడానికి నాకూ సిగ్గుగానే ఉంది. సావాసం వదిలించమన్నది నేనే. ఎలా వదిలిస్తావో నాకు తెలియదన్నాను. తెలుసుకోవడం ఇష్టం లేకే అలా రాశాను.

అక్క


కాపెల్
జులై

అక్కా,

నేనే.

ఆఫీసులో కూర్చుని పేరు లేని ఈమెయిల్ ఐడీ ఒకటి తయారు చేసి పంపాను. హోటల్ పేరు, అతను పని చేసే రోజులు, అన్నీ రాశాను. పంపేసి క్యాంటీన్‌కి వెళ్ళి భోంచేశాను. వార్నింగ్ ఇచ్చి వదిలేస్తారనుకున్నానని నిన్న వసుమతికి చెప్పాను. అది కూడా అబద్ధమే. ఏమవుతుందో నాకు బాగా తెలుసు. నేనూ ఆ వీసా మీద వచ్చినవాణ్ణే. చదువుకునే రోజుల్లో మోటల్లో డ్యూటీలు చేశానని నీకు తెలుసు. మన వాళ్ళు ఎంతమందికి తెలిసినా ఒక్కరూ నన్ను పట్టివ్వలేదు.

వసుమతి నాతో ఒక్క మాటే అంది, “ఆ పిల్లాడికి నా చేత పులిహోర కట్టించారు.”

ఇన్నాళ్ళూ నేను ఫ్రెడరిక్‌లా కష్టపడి నిలబడ్డ మనిషిననుకుంటూ ఈ పుస్తకం రాశాను. నేను ఫ్రెడరిక్‌ని కాదు, వాళ్ళ నాన్ననని నువ్వు చెప్పేదాకా తోచలేదంటే నమ్ముతావా? తోచింది. అందుకే ఆ అధ్యాయం దాటేశాను.

తేజేశ్వర్‌కి నిన్న ఉత్తరం రాశాను. క్షమించమన్నాను. హైదరాబాద్‌లో తెలిసిన కంపెనీ ఉంది, ఉద్యోగానికి చెబుతానన్నాను. ఫ్రెడరిక్ కూడా రాజు కాగానే చనిపోయిన స్నేహితుడి తండ్రిని ఫీల్డ్ మార్షల్ చేశాడు. చదివినప్పుడు ఎంత మంచివాడో అనుకున్నాను.

అక్షయ్‌కి చెప్పలేదు. చెబితే వాడు నాకు మిగలడు అక్కా. ఉన్నది వాడొక్కడు.

భాస్కర్


ఎడిసన్
జులై

భాస్కర్‌కి,

అక్షయ్‌కి చెప్పు. ఇంకేమీ రాయబుద్ధి కావడం లేదు.

అక్క


హనుమకొండ
ఆగస్టు

భాస్కర్ అంకుల్‌కి,

నమస్తే. మీ ఉత్తరం అందింది. మా అమ్మ ఎవరు రాసిండ్రని అడిగితే ఫ్రెండ్ వాళ్ళ నాన్న అని చెప్పిన.

మీరు రాసింది నాకు ముందే తెలుసు అంకుల్. యూనివర్సిటీ ఆఫీసుల నన్ను కూర్చోబెట్టి ఆ ఈమెయిల్ చదివి వినిపించిండ్రు. అందుల హోటల్ పేరు ఉండె. ఆ పేరు నేను మీ ఒక్కరికే చెప్పిన. అక్షయ్‌కి కూడా చెప్పలేదు, తెలిస్తే తనూ వచ్చి పని చేస్తనంటడని.

తెలిసే మీ కారెక్కిన. హైదరాబాద్‌ల ఉద్యోగాలు ఎట్లుంటయో మీరు దారి పొడుగునా చెప్తుంటే విన్న. ఆంటీ పంపిన పులిహోర తిన్న. నేను మీ కాళ్ళు మొక్కిన సంగతి తల్చుకుంటే నిద్ర పడతలేదని రాసిండ్రు. ఆ మొక్కింది మీకు కాదు. అక్షయ్ మనిద్దరి దిక్కే చూస్తుండె. అప్పటికే వాని మనసుల ఏదో అనుమానం పడ్డది. నేను మొహం తిప్పుకుని పోతే వాడు ఇంటికి పోయి మిమ్మల్ని నిలదీస్తడు, వానికి నాన్న లేకుండ పోతడు అనుకున్న. మా నాన్న నా చిన్నప్పుడే పోయిండు. అదెట్లుంటదో నాకు తెలుసు.

క్షమించమన్నరు. ఇప్పుడైతే నాతోని కాదు. ఊరికే క్షమించిన అని రాయబుద్ధి కాలేదు. ఉద్యోగానికి ఎవరికీ చెప్పకండి. ఇక్కడ టిఫిన్ సెంటర్ల దోశ మాస్టర్‌గా చేస్తున్న, నచ్చింది.

ఒక్కటి అడుగుత. అక్షయ్ ఎప్పుడు ఫోన్ చేసినా, ఎవరు చేసిండ్రో తెలిసిందా అంటడు. తెల్వదంటున్న. ఒక్కనాడు చెప్పిన అబద్ధం వేరు, ప్రతిసారీ చెప్పుడు వేరు. మీ కోసం నా దోస్తుకు ఇంకా అబద్ధం చెప్పలేను. మీరే చెప్పండి.

తేజేశ్వర్


కాపెల్
సెప్టెంబర్

అక్కకి,

పుస్తకం అంతా పూర్తి చేసి పంపుతున్నాను. స్నేహితుడి అధ్యాయం మళ్ళీ రాశాను. పేరు కాటే అని మార్చాను. వాడు అన్న చోటల్లా అతను అని దిద్దాను. సైనిక న్యాయస్థానం చెప్పింది, రాజు చేసింది, కిటికీలోంచి వినపడ్డ మాటలు, అన్నీ ఉన్నాయి. ఆఖరి అధ్యాయంలో హంసిక కుక్కలున్నాయి. ముసలితనంలో ఫ్రెడరిక్‌కి మనుషులు దూరమయ్యారు, పళ్ళూడి ఫ్లూట్ వాయించడం కూడా మానేశాడు. తనని కుక్కల పక్కన పూడ్చమని రాసిపెట్టి, కుర్చీలో కూర్చునే పోయాడు. పిల్లలు లేరు. పిల్లలకి ఇష్టమైతేనే చదువు, లేకపోతే వదిలెయ్యి.

శనివారం ఆస్టిన్ వెళ్ళాను. తేజేశ్వర్ ఉత్తరం జేబులో పెట్టుకుని వెళ్ళాను గానీ బయటికి తీయలేదు. అతని మంచితనం చూపించి నేను తప్పించుకున్నట్టు ఉంటుందనిపించింది. అక్షయ్ మంచం మీద కూర్చున్నాడు, నేను కుర్చీలో కూర్చున్నాను. ఆ ఈమెయిల్ పంపింది నేనేనని చెప్పాను.

వాడు అరవలేదు. “ఆ రోజు దారి మధ్యలో ఆగి వాడికి కాఫీ కొన్నావు. అప్పటికే నువ్వే చేశావా?” అని అడిగాడు. అవునన్నాను. “నన్నెందుకు కార్‌లో ఎక్కించావు?” అన్నాడు. నువ్వు చూడాలని అన్నాను. నిజం చెప్పడానికే వెళ్ళాను కాబట్టి అదీ చెప్పాను. చెబుతుంటే నా గొంతు నాకే అసహ్యంగా వినిపించింది.

వాడు తలొంచుకుని కూర్చున్నాడు. నేను భుజం మీద చెయ్యి వేయబోతే జరిగాడు. తర్వాత లేచి తలుపు తీసి పట్టుకున్నాడు.

మాటలొచ్చిన దగ్గర్నుంచి నన్ను నువ్వు అనే పిలిచినవాడు. ఇంగ్లీషులో పొమ్మని ఉంటే భరించేవాణ్ణేమో, అందులో అందరికీ ఒకటే మాట. వాడు అలా అనలేదు. పరాయివాళ్ళతో ఎలా మాట్లాడాలో చిన్నప్పుడు నువ్వు నేర్పిన తెలుగులో, కాస్త తడుముకుని, తప్పు లేకుండా అన్నాడు.

“మీరు వెళ్ళండి.”

భాస్కర్